ఒకే చుట్టు

గుణుపురం స్టేషన్ దాటితే పట్టాలుండవు.
నౌపడ నుంచి ఊగుకుంటూ వచ్చిన రైలు
ఇక్కడ బఫర్ దిమ్మెకి ముక్కు ఆనించి ఆగుతుంది.
దిమ్మెకి అటువైపు సందులో మా వైండింగు షాపు.
బోర్డు మీద ఒడియా పైన, తెలుగు కింద,
రెంటిలోనూ మా ఆయన పేరే;
చెయ్యి మాత్రం నాది.

కాలిన మోటార్లొస్తాయి నా దగ్గరికి,
రబీలో రోజుకి నాలుగు.
మూత విప్పగానే మాడిన వార్నిష్ కంపు.
ఏ నుయ్యి, ఎంత లోతు,
ఎవడు స్టార్టరు తప్పించి వైరు డైరెక్టుగా కలిపేశాడు,
అన్నీ ఆ వాసనే చెప్పేస్తుంది.
నల్లబడ్డ రాగి పీకి, స్లాట్లలో కాగితం పరిచి,
వెదురు చీలతో కొత్త తీగ అదుముతూ
ఒడియాలో లెక్కపెడతాను:
ఏక, దుయి, తిని, చారి...
పని నేర్పిన దండపాణి మిస్త్రీ భాష అది.
తిట్టడానికి తెలుగు, చుట్టడానికి ఒడియా.
మధ్యలో ఎవరైనా పలకరించారా, లెక్క పోతుంది,
అంతా విప్పి మళ్ళీ మొదటికి.

బిరంచి సబర పలకరించడు.
పుట్టాసింగి కొండమీది కుర్రాడు, ఇంజినీరింగు కాలేజీ.
డెబ్బై రెండో చుట్టు అయ్యేదాకా స్టూలు మీద ఓపిగ్గా కూచుని
అప్పుడడిగాడు:
"మావుసీ, చుక్కల దాకా పోయే ఓడకి
కాయిల్ చుట్టాలంటే?"

"ఎన్ని హెచ్‌పీ?" అన్నాను.

నవ్వలేదు వాడు.
సగం దింపిన షట్టరు మీద చాక్‌పీసుతో
పెద్ద సున్నా గీశాడు.
చుక్కకీ చుక్కకీ నడుమ కూడా గాలుందట,
చిటికెడు చోట ఒక అణువు, అంత పల్చన.
అయస్కాంతంతో దోసిలి పట్టి
ఆ అణువుల్నే తాగుతూ, వాటినే మండిస్తూ
ఎంత దూరమైనా పోవచ్చని ఒకప్పుడు కొందరనుకున్నారట.
లెక్క వేస్తే తిరగబడింది.
దోసిలి తాగిందానికన్నా
ఓడని వెనక్కి గుంజిందే ఎక్కువ.

"మరింకేం, దండగేగా."

"పోడానికి ఏదో ఒక ఉపాయం దొరుకుద్ది మావుసీ.
ఆగడమే.
ఏళ్ళ తరబడి పరిగెత్తి పరిగెత్తి పోయిన ఓడకి
అక్కడ దిమ్మె ఎవరు కట్టారు?"

అది నాకు తెలుసు.
వంశధారలో చీర జాడించేటప్పుడు
ఉండచేసి పట్టుకుంటే నీటికి పట్టు దొరకదు.
కొంగు వదిలి విప్పామా,
ఏరంతా వచ్చి చీరలో దూరి
భుజం ఊడబీకుతుంది.

"అదే," అన్నాడు లేచి నిలబడి, "అదే!
కాపోతే ఈ చీర కనపడదు.
తీగలో కరెంటు తిరిగినంతసేపూ
చుట్టూ పరుచుకుని ఉంటుంది."

తీగ ఎంత పొడుగంటే,
ఆ సున్నాకి అడ్డకొలతే నౌపడ నుంచి ఇక్కడికట.
"తొంభై కిలోమీటర్లా! రాగి ధర తెలుసా నీకు?"
"రాగి కాదు. గడ్డకట్టే చలిలో
కరెంటుకి అడ్డు చెప్పని తీగ.
ఒకసారి పోస్తే తిరుగుతూనే ఉంటుంది.
వేడెక్కదు. కాలదు."

చేతిలో కొయ్యసుత్తి కింద పెట్టాను.
ముప్పై ఏళ్ళుగా కాలినవాటి మీద బతికిన ముక్కు నాది.
కాలని తీగ ఏ వాసనొస్తుందో
ఎంత పీల్చినా తట్టలేదు.
"అలాటి తీగొస్తే నా షాపు మూతేరా బావూ."
"అంత పొడుగు ఎవరూ చెయ్యలేదు మావుసీ.
చేస్తారో లేదో."

"సర్లే. ఎన్ని చుట్లు?"
"ఒకటి."
"ఒకటేటి?"
"ఒకే చుట్టు."

సాయంత్రం రైలు దిమ్మె దగ్గర కీచుమంది.
మెస్సు టైమైందని వాడు సైకిలెక్కి పోయాడు,
సున్నా చెరపకుండానే.

గుమడ నుంచొచ్చిన అయిదు హెచ్‌పీ
పొద్దున్నే ఇచ్చెయ్యాలి. నారు ఎండుతోందని రెండుసార్లు ఫోను.
లైటు దగ్గరికి లాక్కుని
మొదటి స్లాటులో తీగ కొస దూర్చి
ఒక్కసారి తిప్పి
ఏక, అన్నాను.

దుయి అనడానికి కాసేపు పట్టింది.